గేటు ముందు గీత

ఎదురు ఫ్లాట్‌లో కొత్తగా దిగిన అమ్మాయికి ఒక కుక్క ఉంది. పొద్దున మొగుడూ పెళ్లాలిద్దరూ ఆఫీసుకి పోతే అది సాయంత్రం దాకా తలుపు గీకుతూనే ఉంటుంది. మా అశోక్ నగర్ సంగతి తెలిసిందే కదా, కింది అంతస్తులన్నీ పరీక్షలకి చదువుకునే పిల్లలతో నిండి ఉంటాయి. వాళ్లకి చదువు సాగడం లేదని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. మొన్న ఆదివారం ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. ప్లాస్టిక్ గేటు, లోపల బిస్కెట్లు దాచే రబ్బరు బంతి, ఆఫీసులో కూర్చుని కుక్కతో మాట్లాడే కెమెరా అన్నీ చూపించి, వీటిలో ఏది కొంటే నయం ఆంటీ అని అడిగింది. నేనేం చెప్తాను? మా చిన్నప్పుడు కుక్కని ఇంట్లో ఆపడానికి మాకు దొరికింది ముగ్గుపిండి ఒక్కటే. ఆ మాటే అంటే ఫక్కున నవ్వింది. నవ్వడం అయ్యాక కూర్చో అని చాయ్ పెట్టాను.

మేమప్పుడు చిక్కడపల్లిలో, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో ఉండేవాళ్లం. పెద్ద ఆవరణ, చుట్టూ పెంకుల కిరాయి వాటాలు, మధ్యలో అందరికీ ఒకటే నల్లా, దాని పక్కన ఒక నిమ్మచెట్టు. నల్లా వచ్చే వేళకి బిందెల చప్పుడు, కిరోసిన్ స్టవ్వుల వాసన, ఎవరింట్లోనో పచ్చిపులుసులోకి కాల్చే మిరపకాయల ఘాటు అన్నీ ఒకేసారి ముక్కుకీ చెవులకీ తగిలేవి. ఎవరింట్లో ఏం కూరో అందరికీ తెలిసేది, ఎవరింట్లో కూర లేదో కూడా తెలిసేది. గల్లీ వైపున్న డాబా ఇంట్లో ఇంటివాళ్లు ఉండేవాళ్లు. ఆవిడని పిల్లలందరం పెద్దమ్మ అనేవాళ్లం, ఆయనని పెద్దనాయన. మా వాటాలో అమ్మ, బాపు, నేను, బాపుని కన్న తల్లి బాపమ్మ.

బాపమ్మకి మడి జాస్తి. ఆరేసిన మడిబట్ట మీంచి మా నీడ పోయినా అనుమానంగా చూసేది. అలాంటి ఇంట్లోకి మా బాబాయి చేతిసంచిలో కుక్కపిల్లని పెట్టుకుని వచ్చాడు. బర్కత్‌పురలో స్నేహితుడి ఇంట్లో పుట్టిందట. రెండు రోజులుంచండి వదినా, నేనొచ్చి తీసుకుపోతా అని అమ్మకి చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత ఆయన చాలాసార్లు వచ్చాడు, భోజనాలు చేశాడు, కుక్క మాట మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తనివ్వలేదు. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడేది, ఒక చెవి వాలేది. ఇంట్లో ఒక్కొక్కరం దానికి ఒక్కో పేరు పెట్టాం. అది ఏ పేరుకీ పలికేది కాదు, రొట్టెల డబ్బా మూత చప్పుడు వింటే మాత్రం ఎక్కడున్నా వచ్చేది.

కుక్కని ఉంచుకోవడానికి పెద్దనాయన ఒకే షరతు మీద ఒప్పుకున్నాడు. అది గేటు దాటి గల్లీలోకి పోకూడదు. అంతకుముందు ఒక వాటాలో వాళ్ల కుక్క గల్లీలో తిరుగుతుంటే మున్సిపాలిటీ బండివాళ్లు వల వేసి పట్టుకుపోయారట. ఆ ఇంటి పిల్లలు అన్నం మానేసి ఏడ్చారట, వెతకడానికి పోయిన తండ్రి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడట. ఆ ఏడుపు మళ్లీ నేను వినలేనన్నాడాయన. "ఒక్కపారి గేటు దాటిందంటే మల్ల లోపలికి రానియ్య బిడ్డా. ఇష్టముంటే పెంచుకో" అని ఆ మాట బాపుతో కాకుండా నాతోనే చెప్పాడు. నేను సరేనన్నాను. సరే అన్నానంటే అది ఇక నా పని. నేను అప్పటికే మొండిదాన్నని పేరు తెచ్చుకున్నాను.

కష్టమేమిటంటే ఆ గేటు మూసుకోదు. రోడ్డు వేసినప్పుడల్లా గల్లీ ఎత్తు పెరిగి, ఇనుప రెక్కలు మట్టిలో కూరుకుపోయి బార్లా తెరుచుకునే ఉండేవి. బాగు చేయించమంటే, నా ఇంట్లో ఎత్తుకుపోయేదేముందని పెద్దనాయన నవ్వేవాడు. గొలుసుతో కట్టేసి చూశాం. మధ్యాహ్నమంతా కుక్క ఏడ్చింది, పెద్దనాయనకి నిద్ర పట్టలేదు, సాయంత్రానికి విప్పేశాం. నులకమంచం అడ్డం పెడితే దూకింది. నేను బడిలో ఉన్నప్పుడు ఏమవుతుందోనన్న బెంగతో నాకు లెక్కలు తలకెక్కేవి కావు. అంతకుముందూ ఎక్కేవి కావు గాని, ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక కారణం దొరికింది.

దారి చూపింది బాపమ్మే. కుక్క మీద ప్రేమతో కాదు, వంటిల్లు మైలపడుతుందన్న బాధతో. మా వసారాకీ వంటింటికీ మధ్య గడప ఉండేది కాదు. ఒక రోజు ఆవిడ అమ్మ ముగ్గు డబ్బా తీసుకుని, అడ్డంగా ఒక తెల్లటి గీత గీసింది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. తాతయ్య పోయినప్పటి నుంచి బాపమ్మ ముగ్గు డబ్బా ముట్టింది లేదు. మొగుడు పోయిన ఆడది ముగ్గు పెట్టకూడదని వాళ్లవైపు పట్టింపు. అంతకుముందు ఊళ్లో ఆవిడ ముగ్గు చూడటానికి పక్క వాడల వాళ్లు వచ్చేవారని మా మేనత్తలు చెప్పుకునేవారు, నేనైతే ఎప్పుడూ చూడలేదు. అమ్మ మళ్లీ గరిటె తిప్పుకుంది.

బాపమ్మ గీతకి వంటింటి వైపు పీట వేసుకుని కూర్చుంది. కుక్క తొక్కబోతే ఆఁ అని గదిమేది, ఆగితే దాని వైపు ఒక జొన్నరొట్టె ముక్క విసిరేది. తాకకుండా విసరాలి కాబట్టి ఆవిడకి గురి బాగా కుదిరింది. ఎన్నాళ్లు పట్టిందో గుర్తులేదు గాని, చివరికి కుక్కకి ఆ గీత గోడతో సమానమైంది. ఇంట్లో ఎవరూ లేకపోయినా దాటేది కాదు. ముక్కు గీత దాకా ఆనించి, వంటింటి వాసనలు పీల్చుకుంటూ పడుకునేది.

ఇది చూశాక ఆవరణలో పిల్లలం ఊరుకుంటామా. పడుకున్న కుక్క చుట్టూ ముగ్గుపిండితో గుండ్రంగా గీశాం. అది లేచి, చుట్టూ ఒకసారి చూసుకుని, మళ్లీ కూర్చుంది. సుద్దముక్కతో గీస్తే లెక్కచేయలేదు, ముగ్గుపిండి అయితేనే. దాన్ని అలాగే కూర్చోబెట్టి మేం మధ్యాహ్నమంతా చింతగింజలు ఆడుకున్నాం. సాయంత్రం అమ్మ చూసి నా వీపు విమానం మోత మోగించింది. దెబ్బలు తింటుండగానే నాకు ఆలోచన వచ్చింది, గేటు దగ్గర కూడా ఇదే గీత ఉంటే చాలు కదా అని.

గేటు ముందు ముగ్గు పెద్దమ్మది. కిరాయివాళ్లం ఎవరి గుమ్మం ముందు వాళ్లం పెట్టుకోవాలి గాని గేటు జోలికి పోకూడదు. రోజూ తెల్లవారేసరికి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోయేది. ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా ఒక గీత కూడా గీయవా పెద్దమ్మా అని పోయి అడిగాను. ఎందుకో చెప్తే కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. మర్నాడు గీసింది. ఒంటిగీత ఆవిడ కంటికి ఆనలేదు, రెండు గీతలు గీసి మధ్యలో మెలికలు తిప్పింది. నేను గేటు అవతల నిలబడి బాపమ్మ విద్యంతా ప్రయోగించాను. బడి నుంచి రాగానే అదే పని. నా పళ్లెంలోని పెరుగన్నం ముద్దలు చాలావరకు ఆ గేటు దగ్గరే ఖర్చయ్యాయి.

కుక్క నేర్చుకుంది. గల్లీలో కుక్కలు వచ్చి పిలిచినా, సీతాఫలాల బండి చుట్టూ గోల జరుగుతున్నా, ముగ్గు అంచు దాకా వచ్చి కూర్చునేది. వాన పడితే అది వసారా దిగేది కాదు, వాన వెలిస్తే పెద్దమ్మ మళ్లీ గీసేది. ఆవిడకి ఎంత గొప్పగా ఉండేదంటే, వచ్చిన చుట్టాలకి ముందు ముగ్గు, తర్వాత కుక్క, ఆ తర్వాతే చాయ్.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న పెద్దనాయన మళ్లీ లేవలేదు. మర్నాడు పొద్దున కుక్క ఎప్పటిలాగే గేటు వైపు పోయింది. నేను వెనక పోయి చూస్తే నేల ఉత్తగా ఉంది. చావు జరిగిన ఇంటి ముందు మైల పోయేదాకా ముగ్గు పెట్టరు. ఆ సంగతి మా ఆవరణలో పసిపిల్లలకి కూడా తెలుసు. తెలిసి కూడా, కుక్కకి ముగ్గునే గేటుగా నేర్పేటప్పుడు పెద్దవాళ్లలో గాని పిల్లల్లో గాని ఒక్కరికీ తోచలేదు. ఆ ఇంట్లో ఎవరూ పోరన్నట్టే అందరం ధైర్యంగా ఉన్నాం. నేను కుక్క మెడ పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చి గడియ వేశాను.

సికింద్రాబాదు నుంచి పెద్దనాయన కొడుకు, కోడలు వచ్చి ఇక ఇక్కడే ఉండిపోయారు. ఆ కొడుకు చెడ్డ మనిషి కాదు, తండ్రి మాట జవదాటకూడదనుకునే మనిషి. పరామర్శకి వచ్చేవాళ్ల మధ్య కుక్క తిరిగితే బాగుండదని, గేటు దాటితే మాత్రం నాయన పెట్టిన షరతే షరతని బాపుతో అన్నాడు.

రెండు గదులు, మండే ఎండలు, ఊరికే కూర్చోలేని కుక్క. నేను పంతం పట్టాను. తెల్లారకముందే ఆవరణలో దాన్ని పరిగెత్తించి నాలుక బయటపెట్టేలా చేసేదాన్ని. అమ్మ పాత చీర పేలికలు ముడులు వేసి, ముడికొక రొట్టె ముక్క దాచి ఇస్తే, వాసన పట్టి విప్పుకునేసరికి పొద్దు ఎక్కేది. ఇత్తడి గిన్నెలు బోర్లించి ఒకదాని కింద అప్పడం ముక్క పెట్టి వెతకమనేదాన్ని. ఆ గిన్నెల మోతకి పక్క వాటావాళ్లు మా ఇంట్లో రోజూ పోట్లాటేమో అనుకున్నారట. మధ్యాహ్నం తడిపిన గోనెసంచి పరిస్తే దాని మీద పడుకునేది. నిద్ర రాకపోతే బాపు చెప్పులు వెతుక్కునేది. ఎంత పైన దాచినా ఒకటి దొరకబుచ్చుకుంది, కొత్తవి కొనుక్కోమని అమ్మ ఎప్పుడంటుందా అని పాపం బాపు ఆ వారమంతా చూశాడు. బాపమ్మ అయితే వంటింటి గీత అవతల కూర్చుని పాత సంగతులన్నీ చెప్పేది. నాకు చెప్తున్నట్టు మొదలుపెట్టేది, నేను లేచిపోయినా ఆపేది కాదు.

మైల పోయిన మర్నాడు అందరికంటే ముందు లేచి గేటు దగ్గరికి ఉరికాను. పెద్దమ్మ రాలేదు, కోడలు వచ్చింది. ఆఫీసుకి టైమవుతోందని, ముగ్గుపిండి నింపిన చిల్లుల గొట్టం దొర్లించి మధ్యలో ఒక చిన్న పువ్వు వేసి లోపలికి పోయింది. ఆమెని అనడానికేం లేదు. పెద్దమ్మని పెట్టొద్దన్నది పెద్దనాయన చెల్లెలు, వదినకి తోడుగా కొన్నాళ్లుంటానని వచ్చిన ఆడబిడ్డ. మొగుడు పోయినదానికి ముగ్గెందుకు అన్నదట. పెద్దమ్మ లోపలి గదిలోంచి బయటికి రావడమే మానేసింది.

నేను ఆ చిన్న ముగ్గునే చూస్తూ నిలబడి ఉండగానే కుక్క తలుపు సందులోంచి దూరి వచ్చింది. ఆ పువ్వుని వాసన చూసింది. మర్యాదగా పక్క నుంచి తప్పుకుని గల్లీలోకి నడిచింది. నేను అరిచేలోపు మలుపు తిరిగింది. ఇంట్లోకి ఉరికి రొట్టెల డబ్బా అందుకుని, మూత వాయిస్తూ, చెప్పుల్లేకుండా పరిగెత్తాను. మెయిన్ రోడ్డు మీద బస్సులు. ఇస్త్రీబండి దగ్గర అడిగాను, పాలబూతు దగ్గర అడిగాను, మున్సిపాలిటీ బండి ఇటేమైనా వచ్చిందా అని కూడా అడిగాను.

నారాయణగూడ వైపు పోయే ఒక అడ్డ గల్లీలో దొరికింది. అక్కడ ఒక ఇంట్లో పెళ్లి. ఇంటివాళ్లు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గల్లీ మొత్తం ముగ్గు వేశారు. దాని ముందు మా కుక్క కూర్చుని ఉంది. మనుషులు, సైకిళ్లు, బ్యాండువాళ్లు ఆ ముగ్గు తొక్కుకుంటూ పోతున్నారు, ఇది మాత్రం ఎవరో వచ్చి దారి ఇవ్వాలన్నట్టు చూస్తోంది. నేను అక్కడే దుమ్ములో కూలబడి దాన్ని పట్టుకుని ఏడ్చాను. తప్పు కుక్కది కాదని నాకు ఆ గల్లీలోనే రూఢి అయింది.

ఎత్తుకుని వచ్చేసరికి పెద్దమ్మ కొడుకు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "మా నాయన ఏమన్నడో నీకు ఎరుకనే గద. ఈ ఒక్కపారి నేను సూడలే అనుకుంట. మల్ల దాటితే ఎవరికన్న ఇచ్చేస్త, ఏడ్సినా ఇన" అన్నాడు. నేను తల ఊపి, మర్నాడు పొద్దున్నే అమ్మ ముగ్గు డబ్బా తీసుకుని పోయి స్తంభం నుంచి స్తంభం దాకా గీశాను. కిరాయివాళ్ల పిల్ల మా గేటు ముందు ముగ్గు పెట్టుడేందని ఆడబిడ్డ నీళ్లు కొట్టించింది. నేను మళ్లీ గీశాను. ఆవిడ మళ్లీ కొట్టించింది. బాపు నన్ను లోపలికి పిలిచి, మనం వేరే ఇల్లు చూసుకోవాల్సి వస్తుందమ్మా అని మెల్లగా చెప్పాడు. ఇంకొకరెవరైనా అయితే అక్కడ ఆగేవారేమో.

నా కంటే మొండిది ఇంట్లో ఒకావిడ ఉందని నాకప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం బాపమ్మ మడిబట్ట విడిచి, మామూలు చీర కట్టుకుని, నా చేయి పట్టుకుని పెద్దమ్మ గదికి నడిచింది. పెద్దమ్మ చాప మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. గదిలో కిటికీ మూసి ఉంది, ఉడుకుగా ఉంది. బాపమ్మ మంచీ చెడూ అడగలేదు, కూర్చోలేదు కూడా.

"మీ ఆయన పోయిండు. చెయ్యి పోలే గద" అన్నది.

నలుగురు ఏమనుకుంటరమ్మా అన్నది పెద్దమ్మ.

"ఆ నల్గురి కోసమే ఇన్నేండ్లు నేను డబ్బ ముట్టలే. ఒక్కరన్న వచ్చి మంచిపని చేసినవ్ అన్నరా? నువ్వు ఈడ చీకట్ల కూసుంటె నీక్కూడ ఎవ్వరు అనరు. ఆ పిల్ల కుక్క మాత్రం పోతది."

అంతే. వచ్చిన దారినే తిరిగొచ్చాం. ఇంటికి రాగానే బాపమ్మ చల్లటి నీళ్లు తాగి కాసేపు అలాగే నిలబడింది. భయపడిందని నాకప్పుడు తెలియలేదు, పెద్దయ్యాక తెలిసింది.

మర్నాడు తెల్లవారుతుండగా గేటు దగ్గర చీపురు చప్పుడు. నేను కుక్కని తాడుతో పట్టుకుని ఉరికాను. పెద్దమ్మ వాకిలి ఊడుస్తోంది. ఆడబిడ్డ అరుగు మీద నిలబడి ఏందిది వదినా, ఏందిది అంటోంది. పెద్దమ్మ చీపురు పక్కన పెట్టింది. నీళ్లు చల్లింది, డబ్బా మూత తీసింది, మొదటి స్తంభం దగ్గర కూర్చుని గీత మొదలుపెట్టింది. కొంచెం దూరం పోయాక చేయి ఆగిపోయింది. ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకుంది. కొడుకు గుమ్మంలోకి వచ్చాడు, చూశాడు, తల్లి ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియని మగవాళ్లు ఎలా నిలబడతారో అలా నిలబడ్డాడు.

బాపమ్మ వచ్చి ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుంది. మిగిలిన గీత గీసింది. గీసి ఊరుకోలేదు. గీత వెనక చుక్కలు పెట్టింది, ఆ చుక్కల చుట్టూ గీత ఎక్కడా తెగకుండా తిప్పుకుంటూ పోయింది. అన్నేళ్లు దాచిపెట్టిన చేయి ఒక్కసారిగా బయటికొచ్చింది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కనిపెట్టలేని అంత పెద్ద ముగ్గు ఆవిడ పెట్టగా నేను చూడటం అదే మొదటిసారి. పెద్దమ్మ తలెత్తి చూసి, కళ్లు తుడుచుకుని, ఖాళీగా ఉన్న మూలలో రెండు పువ్వులు వేసింది. నేను తాడు విప్పాను. కుక్క అంచు దాకా నడిచి కూర్చుంది. కొడుకు లోపలికి పోయాడు. ఆడబిడ్డ ఆ మధ్యాహ్నమే సామాను సర్దుకుంది, మళ్లీ బతుకమ్మకి వచ్చినప్పుడు మాత్రం బాపమ్మ ముగ్గుని చాలాసేపు నిలబడి చూసింది.

ఆ తర్వాత రోజు విడిచి రోజు వాళ్లిద్దరూ ఆ గేటు ముందు ముగ్గు పెట్టారు. ఒకరు పెట్టిన రోజు ఇంకొకరు వంక పెట్టేవాళ్లు. కుక్క ముసలిదైంది, మూతి తెల్లబడింది, వాలిన చెవితో పాటు రెండోది కూడా వాలింది. గల్లీలోకి మాత్రం మళ్లీ అడుగు పెట్టలేదు. ఆ ఆవరణ పోయి ఇప్పుడక్కడ హాస్టల్ లేచింది. పెద్దమ్మ కూడా లేదు. వాళ్లని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం బాపమ్మ పోయిన రోజు పొద్దున.

ఆవిడ తెల్లవారుజామున పోయింది. వసారాలో పడుకోబెట్టారు. చుట్టాలు ఒక్కొక్కరే వస్తున్నారు, అమ్మ ఒక మూల, బాపు ఒక మూల. నేను కాలేజీకి పోయే వయసుదాన్నే, అయినా నాకు ఏ పనీ చేతకాలేదు. కుక్క సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తులేదు. అది మెల్లగా లేచి గేటు వైపు పోవడం చూసి, ముగ్గు ఉండదు కదా అని వెనకాలే పోయాను.

పెద్దమ్మ గేటు దగ్గర వంగి ఉంది. తల దువ్వుకోలేదు, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి, చేతిలో డబ్బా ఉంది. చుక్కలు లేవు, పువ్వులు లేవు, ఒకటే గీత. సగం దాకా వచ్చింది. అప్పుడే ఆటో దిగిన మా దూరపు చుట్టం ఒకాయన నిర్ఘాంతపోయి, పీనుగ లేవకముందే వాకిట్ల ముగ్గేందమ్మా అని అడిగాడు.

"ఇంట్ల కుక్కున్నది" అన్నది పెద్దమ్మ, తలెత్తకుండానే. అని, ఆ చివరి స్తంభం దాకా గీసింది.